బర్గండీలో పాతకాలపు పెద్ద రెస్టారెంట్‌లో విందు: బుకింగ్ నుంచి బిల్లు దాకా

కృష్ణాతీరం:
అక్టోబరు రెండో వారంలో ఫ్రాన్స్, బర్గండీలోని బోన్ ఊళ్లో రెండు రాత్రులు ఉంటాం. ఒక రాత్రి భోజనం అక్కడి పాత పద్ధతి రెస్టారెంట్‌లో చెయ్యాలని అనుకుంటున్నాం. అంటే తెల్ల గుడ్డ పరిచిన బల్ల, కాల్చిన కోడిని మన ముందే ముక్కలు కోసి వడ్డించే ట్రాలీ, జున్నుల బండి, లావుపాటి వైన్ జాబితా ఉండే చోటు. మొత్తం నలుగురం. ఒకరు గుడ్డు కూడా తినని శాకాహారి. ఇద్దరు కోడి, చేప తింటారు కానీ ఎద్దు, దూడ మాంసం ముట్టరు. ఒకరికి ఏ పట్టింపూ లేదు. ఎప్పుడు బుక్ చెయ్యాలి, ఏం చెప్పాలి, వైన్ ఎలా ఎంచాలి, చివరికి బిల్లులో ఏమేం ఉంటాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లియోన్_లక్ష్మి:
ముందు తారీఖు చూసుకోండి. ఈ తరహా రెస్టారెంట్లు వారానికి రెండు రోజులు మూసే ఉంటాయి. కొన్నింటికి ఆది, సోమ. కొన్నింటికి మంగళ, బుధ. ఆదివారం రాత్రి తెరిచేవి తక్కువ. కాబట్టి హోటల్ గది తీసుకోకముందే టేబుల్ ఖాయం చేసుకోవాలి, తర్వాత కాదు. అక్టోబరులో ద్రాక్ష కోతలు అయిపోయి ఉంటాయి, రద్దీ కాస్త తగ్గుతుంది. నవంబరు మూడో ఆదివారం మాత్రం బోన్‌లో ఆస్పత్రి వైన్ వేలం జరుగుతుంది. 1443లో కట్టిన ధర్మాసుపత్రి పేరిట 1859 నుంచి నడుస్తున్న వేలం అది. ఆ వేలంతో కలిపి మూడు రోజులు చుట్టుపక్కల ఊళ్లలో కూడా టేబుల్ దొరకడం కష్టం.

బోన్‌లోనే వెతకక్కర్లేదు. దక్షిణాన షాన్యి ఊళ్లో మూడు మిషెలిన్ నక్షత్రాల (మిషెలిన్ గైడు ఇచ్చే అత్యున్నత గుర్తింపు) లామెలువాజ్ రెస్టారెంట్ ఉంది. బోన్ నుంచి లోకల్ రైలు వెళ్తుంది, కానీ రాత్రి భోజనం ముగిసే వేళకు తిరుగు రైలు ఉండదనే అనుకోండి. పారిస్ నుంచి వచ్చేటప్పుడు గార్ ద లియోన్ స్టేషన్‌లో డిజోన్ వెళ్లే టీజీవీ (వేగ రైలు) ఎక్కితే సుమారు గంటా ముప్పై అయిదు నిమిషాలు. డిజోన్ నుంచి బోన్‌కి ఇంకో ఇరవై నిమిషాలు.

బుకింగ్ అప్పుడు క్రెడిట్ కార్డు వివరాలు అడుగుతారు. చెప్పకుండా రాకపోతే తలకింత అని కోస్తారు. ఎన్ని గంటల ముందు రద్దు చేసుకోవచ్చో అక్కడే రాసి ఉంటుంది, చదవండి. నలుగురిలో ఒకరు తగ్గినా అదే లెక్క.

రాత్రి భోజనం ఏడున్నర నుంచి మొదలు. తొమ్మిది దాటితే కొత్తవాళ్లని కూర్చోబెట్టరు. మూడు గంటలు పడుతుంది. ఖర్చు తగ్గాలంటే మధ్యాహ్నం వెళ్లండి. వంటగది అదే, చేతులు అవే, పనిదినాల్లో మధ్యాహ్నం మెనూ ధర చాలా తక్కువ.

శాకపాకం:
కృష్ణాతీరం గారూ, మీ నలుగురి విషయంలో కష్టమంతా మాంసం ముక్కల్లో లేదు, రసంలో ఉంది. పాత ఫ్రెంచి వంటగదికి పునాది ఫోన్ ద వో, అంటే దూడ ఎముకలు కాల్చి, కూరగాయలతో గంటల తరబడి మరిగించి తీసిన రసం. దాన్ని ముందు రోజో, అంతకు ముందు రోజో కాచి పెట్టుకుంటారు. కోడి మీద పోసే సాస్‌లో, గుడ్డు మీద పోసే సాస్‌లో, ఒక్కోసారి పుట్టగొడుగుల వేపుడులో కూడా ఒక గరిటె పడుతుంది. బల్ల దగ్గర కూర్చున్నాక "ఇందులో దూడ లేదు కదా" అని అడిగితే వంటవాడు ముక్క గురించే ఆలోచించి "లేదు" అంటాడు. అబద్ధం కాదు, కానీ మీరు అడిగింది అది కాదు.

అందుకే బుకింగ్ నాడే ఈమెయిల్‌లో ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం రాయండి. మొదటి వ్యక్తి: మాంసం, కోడి, పంది, చేప, రొయ్య, నత్త, గుడ్డు, వీటి ఎముకల రసం, జెలటిన్ (ఎముకలు, తోళ్ల నుంచి తీసే జిగురు) ఏవీ వద్దు, పాలు, వెన్న, క్రీము, జున్ను సరే. రెండో, మూడో వ్యక్తి: ఎద్దు, దూడ, వాటి రసం వద్దు, కోడి రసం, చేప రసం సరే. వెళ్లడానికి మూడు రోజుల ముందు ఫోన్ చేసి మళ్లీ నిర్ధారించుకోండి. ఈమెయిల్ చూసినవారు, ఆ రాత్రి పొయ్యి దగ్గర ఉండేవారు వేరువేరు మనుషులు.

"వియాండ్ (మాంసం) తినను" అని మాత్రం అని ఊరుకోవద్దు. మాటవరసలో ఆ పదానికి చాలామంది ఎర్ర మాంసమనే అర్థం తీసుకుంటారు. కోడి, పంది ముక్కలు (లార్దోన్), హామ్ దాని కిందకి రావనుకుంటారు. పేరు పేరునా చెప్పాల్సిందే.

యూరప్ చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల పట్టిక రాతలో చూపిస్తారు. అది చూసి ధైర్యపడకండి. గుడ్డు, పాలు, చేప అందులో ఉంటాయి. దూడ రసం, జెలటిన్, పంది కొవ్వు అలర్జీ పదార్థాలు కావు, కాబట్టి ఉండవు.

ఓరుగల్లు_వంటగది:
శాకపాకం చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. ఇగ వంటకాల సంగతి చెప్త.

బర్గండీ రెస్టారెంట్ అంటే ముందుగాల వచ్చేది గుజేర్. జున్ను కలిపిన పిండితోని కాల్చిన గుండ్రటి ఉబ్బు బిళ్లలు. అందుల గుడ్డు ఉంటది. శాకాహారి గుడ్డు తినరంటున్నరు కద, మెనూల లేకుండ ఉత్తగనే తెచ్చిపెడ్తరు కాబట్టి ఎవ్వరు అడగరు. జాగ్రత్త.

ఉఫ్ ఆన్ మురెత్ తప్పక దొరుకుతది. నీళ్లల్ల విడిచి ఉడకబెట్టిన గుడ్డు, ఎర్ర వైన్ సాస్. సాస్ కోసం ఒక సీసా వైన్ (750 మి.లీ.) చిన్న ఉల్లి, క్యారెట్, థైమ్ ఏసి మూడో వంతుకు మరిగిస్తరు. వెన్న, మైదా సమపాళ్లల్ల పిసికిన ముద్దతోని చిక్క చేస్తరు. మీద పంది ముక్కలు, పుట్టగొడుగులు, వెల్లుల్లి రుద్దిన రొట్టె ముక్కలు. మంచి చెయ్యి తెల్వాలంటే రెండే చూడాలె. సాస్ నాలుక మీద పుల్లగ గుంజొద్దు. గుంజితే వైన్ సరిగ మరగలే. గుడ్డు కోస్తే పచ్చసొన కారాలె; గట్టిపడ్డదంటే మూడు నిమిషాలు దాటినట్టు, లేకుంటే వేడి సాస్‌ల ఎక్కువసేపు ఉన్నట్టు. ఈ సాస్‌ల చానా చోట్ల దూడ రసం పడుతది. ఎద్దు, దూడ వద్దన్న ఆ ఇద్దరు పందికి సరే అంటేనే, అదీ రసం సంగతి అడిగినంకనే తీసుకోండి.

వాళ్లకు అసలు పండుగ బ్రెస్ కోడి. బర్గండీకి ఆనుకొని ఉన్న బ్రెస్ ప్రాంతంల పెరుగుతది, 1957ల చట్టంతోని పేరు కాపాడిన్రు. తెల్ల ఈకలు, నీలం కాళ్లు, ఎర్ర తురాయి. బయట గడ్డిల తిరిగి, ఆఖరి రోజులల్ల చెక్క గూట్ల పాలు, గింజలు తిని కొవ్వు పడుతది. నిండు కోడి ఇద్దరికి అని రాసి ఉంటది. కాల్చుడుకు గంట పైనే పడుతది కాబట్టి కూసున్నంక ఆర్డర్ చేస్తే "లేదు" అనొచ్చు. బుకింగ్‌లనే అడగాలె.

దాన్ని రెండు విడతలు వడ్డిస్తరు. ట్రాలీ మీద మీ ముంగట రొమ్ము కోసి మొదటి పళ్లెం. కాళ్లు లోపలికి పోయి మళ్ల ఓవెన్ల పడి రెండో విడతగ వస్తయి, సలాడ్‌తోని. ఎందుకంటే రొమ్ము మాంసం తొందరగ ఆరిపోతది, తొడ మాంసం ఇంకింత వేడి అడుగుతది. ఒక్కసారే ముందల పెట్టిన్రంటే రెండిట్ల ఒకటి చెడ్డట్టే. "కాళ్లు ఎటు పోయినయి" అని గాబరా పడకండి.

శాకపాకం:
శాకాహారికి ఏముంటుందన్నది కూడా చెప్పాలి. అక్టోబరు మంచి నెల. సెప్ పుట్టగొడుగులు వస్తాయి, బర్గండీ ట్రఫుల్ (నేల కింద పెరిగే సువాసన పుట్టగొడుగు) దొరుకుతుంది, గుమ్మడి, వేరుదుంపలు ఉంటాయి. ఇలా అడగండి: వెన్నలో వేయించిన సెప్, రసం పొయ్యకుండా, క్రీము, వెల్లుల్లితో కాల్చిన బంగాళదుంప దొంతర (గ్రాతాన్ దోఫినువా, అసలు పద్ధతిలో గుడ్డు ఉండదు, అయినా అడగాలి), డిజోన్ ఆవ క్రీముతో కాలపు కూరగాయలు. చివర నల్ల కాసిస్ పండ్ల సోర్బే (పండ్ల రసంతో చేసిన ఐస్). మూస్, బవరువా లాంటి మెత్తటి తీపి పదార్థాల్లో జెలటిన్‌కి అవకాశం ఎక్కువ. కేకుల్లో గుడ్డు ఎలాగూ ఉంటుంది.

కూరగాయల సూప్ విషయంలో పేరుని నమ్మొద్దు. పేరు కూరగాయలదే అయినా లోపలి నీళ్లు కోడి రసం అయ్యుండొచ్చు.

ద్రాక్షసారం:
వైన్ జాబితా చదవడం ఒక్క మెలిక తెలిస్తే తేలిక. బర్గండీలో సీసా మీద ద్రాక్ష పేరు కాదు, నేల పేరు రాస్తారు. ఎరుపైతే దాదాపు ఎప్పుడూ పీనో నువార్, తెలుపైతే షార్డొనే, చవక తెలుపైతే ఆలిగొతే. నాలుగు మెట్లు: బర్గండీ మొత్తం పేరు, ఊరి పేరు, ఊరి పేరుతోపాటు ప్రీమియే క్రూ అనే తోట పేరు, అన్నిటికన్నా పైన గ్రాన్ క్రూ. గ్రాన్ క్రూలు 33. వాటి మీద సాధారణంగా ఊరి పేరు ఉండదు, తోట పేరే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. షాంబర్తాన్ అంటే గ్రాన్ క్రూ. జెవ్రే షాంబర్తాన్ అంటే ఊరి వైన్. జెవ్రే ఊరు 1847లో తన పక్కనున్న గొప్ప తోట పేరుని తగిలించుకుంది. పులీని, షసాన్య్ ఊళ్లు మోంత్రాషే పేరుని అలాగే తగిలించుకున్నాయి. పేరు పొడుగ్గా ఉంటే గొప్ప అనుకోకండి, ఇక్కడ తిరగేసి ఉంటుంది.

రెండో సంగతి, తోట పేరు కంటే తయారీదారు పేరు ముఖ్యం. క్లో ద వూజో అనే ఒక్క తోట సుమారు 50 హెక్టార్లు, దానికి దగ్గర దగ్గర 80 మంది యజమానులు. మన దగ్గర అన్నదమ్ములు పొలం గట్లు వేసుకుని పంచుకున్నట్టే, తరతరాల వారసత్వంలో సాళ్ల లెక్కన ముక్కలైంది. ఒకే పేరు, ఒకే సంవత్సరం, ఎనభై రకాల చేతివాటం. అందుకే సొమెలియేని (రెస్టారెంట్‌లో వైన్ చూసుకునే మనిషిని) "ఈ ఊరిది ఏది మంచిది" అని కాకుండా "ఎవరు చేసింది మంచిది" అని అడగండి.

ధర తగ్గాలంటే పక్క ఊళ్లకి వెళ్లాలి. తెలుపుకి సాంతోబాన్, రుయీ, ఆలిగొతే అయితే బూజ్‌రోన్. ఎరుపుకి సవిన్యి, సాంతనే, మార్సనే, మెర్క్యురే, జివ్రీ. పాత రెస్టారెంట్ల జాబితాలో ఇవి వెనక పేజీల్లో ఉంటాయి. ఆ పేజీలు తిప్పే అతిథి అంటే సొమెలియేకి గౌరవం.

డబ్బు సంగతి బల్ల మీద అందరి ముందూ అనలేకపోతే, జాబితాలో మీకు సరిపడే ధర మీద వేలు పెట్టి "ఇలాంటిది ఏదైనా" అనండి. అతనికి అర్థమవుతుంది. కొన్ని పాత చోట్ల ధరలు ఉన్న మెనూ పిలిచినవారికి ఒక్కరికే ఇస్తారు, మిగతావారి మెనూలో అంకెలు ఉండవు. ఎవరు పిలిచినవారో బుకింగ్ పేరుని బట్టి అనుకుంటారు. నలుగురికీ ధరలు కావాలంటే ముందే చెప్పండి.

కృష్ణాతీరం:
లోతుగా చెప్పారు, ధన్యవాదాలు. నలుగురిలో ముగ్గురు తాగుతారు. ఒక్కో వంటకానికి ఒక్కో గ్లాసు అని ఇచ్చే జోడీ తీసుకోవాలా, సీసా తీసుకోవాలా?

ద్రాక్షసారం:
సీసా. లెక్క చూడండి: 750 మి.లీ. సీసాకి 125 మి.లీ. గ్లాసులు ఆరు. ముగ్గురికి తెలుపు అర సీసా (375 మి.లీ.), ఎరుపు ఒక సీసా తీసుకుంటే తలకి ఒక గ్లాసు తెలుపు, రెండు ఎరుపు. ఇది చాలు. గ్లాసుల జోడీలో రకం ఎక్కువ, కానీ ఒకే వైన్ గంటన్నరలో గ్లాసులో మారడం చూసే అవకాశం పోతుంది. బర్గండీకి వచ్చేది దాని కోసమే.

పాతసీసా:
ఈ ఒక్క చోట నాది వేరే మాట. కోడి తినేవారు, శాకాహారి, అన్నీ తినేవారు ఒకే బల్ల మీద ఉంటే ఒక్క ఎర్ర సీసా అందరి పళ్లేనికీ కుదరదు. సెప్‌కి, బ్రెస్ కోడికి రెండింటికీ నడివయసు ఎరుపు కుదురుతుంది కాబట్టి ఇక్కడ బతికిపోయారు. ఎవరైనా చేప తీసుకుంటే జోడీయే మేలు.

పాత సీసా (ఇరవై ఏళ్లు దాటినది) తీసుకోవాలనుకుంటే ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. నేలమాళిగలో అడ్డంగా పడుకున్న సీసాలో మడ్డి పక్కకి పేరుకుని ఉంటుంది. నిలబెట్టి ఒక రోజు వదిలితే అడుక్కి దిగుతుంది. అప్పటికప్పుడు తెప్పిస్తే బుట్టలో పడుకోబెట్టే తెస్తారు. ఆ బుట్ట అలంకారం కాదు, మడ్డి కదలకుండా ఉండడానికి. మూడు గ్లాసులు పోసేదాకా దాన్ని నిటారుగా నిలబెట్టనివ్వకండి. చివరి 40, 50 మి.లీ. సీసాలోనే వదిలెయ్యాలి.

పాత పీనోని డికాంటర్‌లో (గాలి తగలడానికి వైన్ ఒంపే గాజు పాత్రలో) పోస్తామంటే వద్దనండి. వాసన సన్నది, గాలి తగిలితే ఇరవై నిమిషాల్లో ఎగిరిపోవచ్చు. గ్లాసులో అది మెల్లగా విప్పుకుంటుంది.

ద్రాక్షసారం:
ఒప్పుకుంటాను, పాతవాటికి. అయిదేళ్ల లోపు ఎరుపు తెరవగానే అగ్గిపుల్ల కాల్చిన వాసన వస్తే మాత్రం కరాఫ్‌లో (గాజు కూజాలో) పోయించుకోవడంలో తప్పు లేదు. ఆ వాసన గాలికి పోతుంది.

పోని వాసన వేరే ఉంది: తడిసిన అట్టపెట్టె. కార్క్ వల్ల చెడింది, గ్లాసు వేడెక్కేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. రుచి చూడమని కొంచెం పోసేది దీని కోసమే. మీకు నచ్చిందా లేదా అని అడగడం కాదు. "బూషొనే" అనండి. అతను కూడా వాసన చూసి ఇంకో సీసా తెస్తాడు, డబ్బు తీసుకోడు. మూడు గ్లాసులు అయ్యాక చెప్తే ఏం చెయ్యలేడు. సీసా తెరవకముందు చూపించినప్పుడు తయారీదారు, తోట, సంవత్సరం ఈ మూడూ మీరు అడిగినవేనా అని చదవండి. ఒకే తయారీదారు, ఒకే తోట, వేరే సంవత్సరం రావడం తరచూ జరిగే పొరపాటు.

ఎరుపు 15, 16 డిగ్రీల దగ్గర ఉండాలి. గది 22 ఉంటుంది. వెచ్చగా తోస్తే మంచు బకెట్ అడగండి, ఎనిమిది నిమిషాలు చాలు. వట్టి మంచు కంటే నీళ్లు కలిపిన మంచు తొందరగా చల్లబరుస్తుంది.

లియోన్_లక్ష్మి:
బల్ల దగ్గర చిన్న విషయాలు, ఎందుకంటే ఇవే ఇబ్బంది పెడతాయి.

మెనూ అంటే నిర్ణీత ధరకి వరసగా వచ్చే భోజనం. మనం అనే మెనూ కార్డుని "కార్త్" అంటారు. ఆంత్రే అంటే మొదటి వంటకం, ముఖ్య వంటకం కాదు. జున్ను తీపికి ముందు వస్తుంది. కాఫీ తీపి తర్వాత, విడిగా.

నత్తలు ఆర్డర్ చేస్తే ఒక చిమ్టా, రెండు పళ్ల చిన్న ఫోర్క్ ఇస్తారు. ఈ చిమ్టా మన వంటింటి పట్కారకి తిరగేసి పని చేస్తుంది. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే పట్టుకుంటుంది. గట్టిగా పట్టుకోవాలని నొక్కినవారి గుల్ల పక్క బల్ల మీదికి ఎగురుతుంది. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో తిప్పి లాగండి. గుల్లలో మిగిలిన వెల్లుల్లి వెన్నని రొట్టెతో అద్దుకోవచ్చు, అక్కడ అది మర్యాదే.

రొట్టెని పళ్లెంలో కాదు, పక్క చిన్న పళ్లెంలోనో బల్ల గుడ్డ మీదో పెట్టాలి. చేత్తో తుంచుకోవాలి. తీపికి ముందు చిన్న కత్తి లాంటి దానితో పొడి ఊడుస్తారు, మీరు దులపనక్కర్లేదు.

దుస్తులు: మగవారికి కోటు చాలు, టై తప్పనిసరి కాదు. పట్టుచీర అక్కడ చాలా మర్యాదగా చూసే దుస్తు. సెంటు మాత్రం వద్దు, అత్తరు అసలే వద్దు. పక్క బల్లవాళ్ల వైన్ వాసన కూడా దానితో పోతుంది.

జున్నుల బండి దగ్గర మూడు నుంచి అయిదు రకాలు అడగండి. మెత్తటి తేలికపాటి దానితో మొదలుపెట్టి గాఢమైన దానికి వెళ్లాలి. పళ్లెంలో గడియారం తిరిగినట్టు ఆ వరసలోనే పెడతారు. ఎపువాస్ చివర. మార్ అనే ద్రాక్షపిప్పి సారాయితో కడిగి ఊరబెట్టిన జున్ను, చెంచాతో తీస్తారు. దాని వాసనకి నాజూకు ఎరుపు నిలవదు. తెలుపు ఇంకొంచెం మిగుల్చుకోండి.

శాకపాకం:
ఆ బండి దగ్గరే శాకాహారికి ఇంకో ముడి. పాలు విరగ్గొట్టేది ప్రెజ్యూర్, దూడ కడుపులోంచి తీసిన పదార్థం. "కొంతే" అనే పేరున్న జున్నుకి అదే వాడాలని దాని నిబంధనల్లోనే ఉంది. పట్టింపు ఉన్నవారైతే "ప్రెజ్యూర్ వెజెతాల్" ఉన్నవి ఏవి అని అడగండి. బండిలో ఒకటో రెండో దొరకవచ్చు, ఒకటీ లేకపోవచ్చు. వైన్ తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, చేప తిత్తి వాడతారు. మీ శాకాహారి తాగేవారైతే అదీ తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

ఓరుగల్లు_వంటగది:
తాగని మనిషికి ఉత్త నీళ్లు ఇచ్చి కూసోబెట్టకుండ్రి. ఆ తోటల ద్రాక్షరసం, కాసిస్ షర్బత్ అడిగితే ఇస్తరు. షర్బత్ అని నొక్కి చెప్పాలె. క్రెమ్ ద కాసిస్ అంటే మద్యం. దాన్ని ఆలిగొతేల కలిపితే కీర్ అయితది. డిజోన్ మేయర్ ఫెలిక్స్ కీర్ పేరు మీద వచ్చింది.

కృష్ణాతీరం:
చివరిది. బిల్లు, టిప్, తిరిగి వెళ్లడం?

లియోన్_లక్ష్మి:
బిల్లు అడిగేదాకా తేరు. తెస్తే వెళ్లిపొమ్మన్నట్టని వాళ్ల భావన. "లాదిసియోన్, సిల్ వూ ప్లే" అనండి. మెనూలో రాసిన ధరలో పన్ను, సర్వీసు రెండూ కలిసే ఉంటాయి. పన్ను భోజనానికి 10 శాతం, మద్యానికి 20. అమెరికాలోలా పైన 20 శాతం వెయ్యక్కర్లేదు. వడ్డన నచ్చితే నోట్లుగా కొంత వదలండి, చాలామంది అలాగే చేస్తారు. నీళ్లు అడిగినప్పుడు "యూన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు, ఉచితం. ఊరికే "నీళ్లు" అంటే సీసా తెస్తారు, దానికి ధర ఉంటుంది.

కారు నడపాలనుకుంటే ఫ్రాన్స్‌లో హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్త లైసెన్సువారికి 0.2. పైన చెప్పిన మూడు గ్లాసులకే దాటవచ్చు. కాబట్టి నడక దూరంలో గది తీసుకోండి, లేదా టాక్సీని టేబుల్ బుక్ చేసిన రోజే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి పదకొండుకి రోడ్డు మీద చెయ్యి ఊపితే ఆగే ఊరు కాదు అది.

పాతసీసా:
సీసాలో మిగిలితే కార్క్ పెట్టి ఇమ్మనండి, ఇస్తారు. నిజంగా పాత సీసా తీసుకుంటే మాత్రం ఒక గుక్క గ్లాసులో పోసి సొమెలియేకి ఇవ్వండి. అది అక్కడి పాత పద్ధతి. ఆ తర్వాత మీ బల్లకి అతను తెచ్చే మాటలు వేరుగా ఉంటాయి: ఆ తోట ఎక్కడ, ఆ ఏడాది వాన ఎప్పుడు పడింది, మర్నాడు ఏ గేటు దగ్గర నిలబడితే ఆ సాళ్లు కనిపిస్తాయి.